సున్నాకు కుడిపక్క

"మనుషులకే తాగేదానికి నీళ్ళు లేకుంటే, నీ గాజుగొట్టానికి దాహమేమే?" అని మా అత్త మేరాజ్ బీ రోజూ పొద్దున్నే అడిగేది. జవాబు కోసం ఆగేది కాదు. బిందెల్లోకి తొంగి చూసి, ఎంత తగ్గిందో చేత్తో కొలుచుకుని, నా వైపు ఒక చూపు విసిరి నమాజుకు పోయేది. నేను బొగ్గుల కుంపటి మీద కెటిల్ పెట్టి, దాని మూతికి గాజుగొట్టం తగిలించి, గొట్టానికి గుడ్డ చుట్టి, ఆ గుడ్డ మీద చెంబుతో నీళ్ళు పోస్తూ కూర్చునేదాన్ని. లోపల ఆవిరి చల్లబడి చుక్కచుక్కగా సీసాలో పడేది. ఒక సీసా శుద్ధమైన నీళ్ళు రావాలంటే పైన బిందెల కొద్దీ నీళ్ళు పోయాలి. రెండేళ్ళుగా వాన మొహం చూడని అనంతపురంలో, అదీ ఎండాకాలంలో, ఈ పని చేసేదాన్ని ఎవరు చూసినా పిచ్చిదనే అంటారు. పోసిన నీళ్ళను గంగాళంలో పట్టి వాటితోనే గిన్నెలు తోమేదాన్ని. తోమిన నీళ్ళు కరివేప చెట్టుకు పోయేవి. చుక్క కూడా వృథా కాలేదని అత్తకు తెలుసు. తెలిసినా అడగడం ఆమె హక్కు, వినడం నా ఉద్యోగం.

ఆ నీళ్ళు నా వంటకూ కాదు, నా ఒంటికీ కాదు. మా ఆయన జిలాన్ బాషా ప్రయోగాలకు. ఆయన కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. బెంగుళూరులో ప్రొఫెసర్ బదరీనారాయణ గారి దగ్గర డాక్టరేటుకు పని చేస్తున్నాడు. కాలేజీలో నీళ్ళు కాచే పరికరం పగిలి ఏడాదైంది, కొత్తది రాలేదు. "ఇంట్లో ఊరికే ఉంటావు కదా, నీళ్ళు నువ్వే కాచిపెట్టు" అన్నాడు. ఊరికే అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. జొన్నరొట్టెలు కొట్టడం ఊరికే. కొళాయి వచ్చే రోజు వీధి చివర క్యూలో నిలబడి బిందెలు మోయడం ఊరికే. అత్త మోకాళ్ళకు నూనె రాయడం, ఆయన చొక్కాలకు గంజి పెట్టడం, ఆయన విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దడం, అవీ ఊరికే. మగవాడు కుర్చీలో కూర్చుని పుస్తకం తిరగేస్తే మాత్రం ఇల్లంతా చప్పుడు చేయకూడదు, ఆయన పనిలో ఉన్నాడు.

నేనూ ఎమ్మెస్సీ చదివాను. అదీ కెమిస్ట్రీయే. మా నాయన పీరాసాబ్ గార్లదిన్నెలో ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. కాలిన గిన్నె మీద నవాసారం చల్లగానే తెల్లటి పొగ లేచి, మట్టి రంగు గిన్నె వెండిలా మెరవడం చూసి చిన్నప్పుడు నేను తిండి మరిచేదాన్ని. "ఎందుకట్ల అయితాది నాయనా?" అని అడిగితే, "నాకు తెలీదు తల్లీ, నువ్వు చదివి నాకు చెప్పు" అన్నాడు. చుట్టాలు ఎన్ని అన్నా తిరుపతి పంపి చదివించాడు. పెళ్ళి మాటల్లో మా అత్త, "చదువుకున్న పిల్లయితే వానికి తోడుగా ఉంటాది" అంది. ఆ మాటకు నేను ఎంత మురిసిపోయానో. తోడు అంటే ఏమిటో అడగాలని అప్పుడు తట్టలేదు.

సెలవుల్లో, కాలేజీలో పిల్లలు లేనప్పుడు, నేను బురఖా వేసుకుని ఆయన వెంట వెనక గుమ్మం నుంచి ల్యాబులోకి పోయేదాన్ని. ఆయన కిటికీ దగ్గర పుస్తకం చదువుకునేవాడు, నేను పదార్థాలు తయారు చేసేదాన్ని. ఆయన చేతికి కొలత కుదరదు. తొందరపడతాడు, వేడి ఎక్కువ పెడతాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు కాబట్టే ఎప్పుడూ నన్ను పక్కకు తప్పుకోమనలేదు. సాయంత్రం సీసా మీద చీటీ అంటించి "జె.బి." అని ఆయన పొడి అక్షరాలు రాసేవాడు. ఇంటికొచ్చాక మళ్ళీ నాకు పొయ్యి, ఆయనకు పేపరు. అయొడిన్‌తో పని చేసిన రోజు నా వేళ్ళు పచ్చగా మారేవి, ఆసుపత్రి వాసన కొట్టేవి. ఆ చేతులతో పిండి ముట్టొద్దనేది అత్త. "ఆ మందుల కంపుకే నీ కడుపు పండటం లేదు" అని కూడా అనేది. పక్కింటి లక్ష్మక్క ముందు కూడా అనేది. ఆయన వినీ విననట్లు ఉండేవాడు.

ఆయన పని ఏమిటో చెప్పాలి, ఎందుకంటే అది నా పని. పదార్థాన్ని సన్నటి గాజుగొట్టంలో పోసి పెద్ద అయస్కాంతం మధ్యలో పెడతారు. పరమాణువు నడిమధ్య కేంద్రకం ఉంటుంది. చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు ఆ అయస్కాంత బలాన్ని కొంత అడ్డుకుని కేంద్రకానికి మరుగు కడతాయి. ఎంత మరుగు ఉందో యంత్రం పసిగట్టి, పారే కాగితం మీద కలంతో ఒక మొన గీస్తుంది. మరుగు ఎక్కువైతే మొన కుడిపక్కకు జరుగుతుంది, తక్కువైతే ఎడమకు. అందరూ ఒప్పుకున్న ఒక పదార్థం మొన ఎక్కడ పడితే అక్కడ సున్నా. కార్బన్ పక్కన ఫ్లోరిన్ ఉందనుకోండి, అది ఆశపోతు, కార్బన్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది. మరుగు తగ్గి కార్బన్ మొన ఎడమకు పోతుంది. క్లోరిన్‌కు ఆశ కొంచెం తక్కువ, బ్రోమిన్‌కు ఇంకా తక్కువ. చిక్కంతా అయొడిన్ దగ్గరే. అదీ ఎంతో కొంత లాక్కునేదే కాబట్టి మొన సున్నాకు ఎడమనే ఉండాలి. ఉండదు. ఒక్క అయొడిన్ పక్కన చేరితే చాలు, కార్బన్ మొన సున్నా దాటి కుడికి, స్కేలు మీద ఇరవై దాకా పోతుంది. అయొడిన్ బరువైన పరమాణువు. దాని కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్లు ఎంత వడిగా తిరుగుతాయంటే, వాటి సొంత తిరుగుడూ కేంద్రకం చుట్టూ తిరిగే తిరుగుడూ ఒకదానిలో ఒకటి చిక్కు పడతాయి. ఆ చిక్కు బంధం గుండా పక్కనున్న తేలిక పరమాణువు దాకా పోయి, దానికి లేని మరుగును తెచ్చిపెడుతుందేమోనని కొందరు అప్పుడప్పుడే అనుమానిస్తున్నారు.

బెంగుళూరు నుంచి వచ్చిన కాగితాలను వంటింటి బండల మీద పరిచి, స్కేలు పెట్టి కొలిచేది నేనే. క్లోరిన్లు ఒకటి, రెండు, మూడు చేరేకొద్దీ మొన ఎడమకు ఎడమకు పోయింది. బ్రోమిన్ ఒకటి చేరితే ఎడమకు, రెండు చేరితే ఇంకొంచెం ఎడమకు. మూడోది చేరగానే మొన వెనక్కి, కుడికి తిరిగింది. ఆయనకు చూపిస్తే, "నీ కొలత తప్పింటాది" అన్నాడు. మళ్ళీ కొలిచాను. తప్పలేదు. అన్నం మాడు వాసన వచ్చేదాకా ఆ కాగితాల ముందే కూర్చున్నాను. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నేను అంత సంతోషంగా ఉన్న పూట ఇంకోటి లేదు.

అరవై తొమ్మిది ఎండాకాలంలో ప్రొఫెసర్ గారు విదేశం నుంచి బొటనవేలంత సీసాలో అసిటోన్ తెప్పించారు. మామూలు కార్బన్లలో నూటికి ఒక్కటే ఆ యంత్రానికి పలుకుతుంది, మిగతావి మూగవి. ఈ సీసాలోది పలికే కార్బన్ ఎక్కువగా ఉన్న రకం. మళ్ళీ కావాలంటే ఎన్నాళ్ళకు వస్తుందో చెప్పలేం. దానితో అయొడోఫాం చేయాలి, అంటే ఒక్క కార్బన్‌కు మూడు అయొడిన్లు. ఆ రోజు ఆయన కిటికీ దగ్గర పుస్తకం కూడా తెరవలేదు, నా చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు. పసుపుపచ్చని పొడి దిగింది. నేను కాచిన నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ద్రావణం చేసి రెండు గొట్టాలకు పోసి మూతులు కరిగించి మూసేశాను. వెలుతురు తగిలితే ఇది విరిగిపోతుంది, అయొడిన్ విడిపోయి ఊదారంగు తిరుగుతుంది. ఇంట్లో నల్లగుడ్డ ఏదీ అంత దట్టంగా లేదు. నా పాత బురఖా చింపి చుట్టాను.

"ప్రొఫెసరు ముందర నా పెళ్ళాం బురఖా విప్పాల్నా నేను?" అని ఆయన గొణిగాడు. అయినా ఒక గొట్టం అట్లాగే తీసుకుని బెంగుళూరు రైలెక్కాడు.

తిరిగొచ్చిన రోజు చెప్పులు కూడా విప్పకుండా చెప్పాడు. "ఏమీ రాలేదు."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ. కాగితమంతా సన్న గీతలే. మొన లేదు. సరుకు చెడిపోయింది."

"రంగు ఎట్లుండాది?"

"పసుపే."

"చెడిపోతే ఊదా తిరగాల కదా?"

ఆయన చెప్పులు విప్పుకున్నాడు. నీళ్ళిచ్చాను. తాగాక మళ్ళీ అడిగాను, యాడిదాకా చూసినారని. ఒక అయొడిన్ ఉన్నదానికి మొన ఎక్కడ పడిందో అక్కడిదాకా చూసి ఆపేశారట. మూడు అయొడిన్లు మూడింతలు లాగుతాయి, ఎడమకే పోవాలి కదా, కుడిపక్క చూసేదానికి ఏముంటుంది అన్నాడు. ఆ కాగితం కూడా బయటి దేశం నుంచి రావాల్సిందే, ఊరికే పారించరు.

"బ్రోమిన్ మూడోది చేరితే కుడికి తిరిగింది కదా" అన్నాను. "అయొడిన్ దానికంటే బరువు. ఇంకా చానా దూరం తిరుగుతాది. కుడిపక్క చూడమని చెప్పండి."

"ప్రొఫెసర్‌కు నేను చెప్పాల్నా? మీరు చూసింది సరిగా లేదు సార్, మళ్ళా చూడండని? నా డాక్టరేటు ఆయన చేతిలో ఉండాది, తెలుసునా నీకు?"

"మరి సరుకు చెడిపోయిందని ఎట్ల చెప్పినారు?"

ఆయన గోడ వైపు చూస్తూ అన్నాడు. "నా భార్య చేసింది సార్, చెయ్యి జారింటాది అన్నాను."

మూడేళ్ళుగా నేను చేసినవన్నీ ఆయన చేతిపని. చెడిపోయిందనుకున్న ఈ ఒక్కటీ నా చేతిపని అయింది. నేను చేస్తానన్న సంగతి ప్రొఫెసర్ గారికి తెలియడం అదే మొదటిసారి.  మా ఆయనకు నా మొహం చూసి జాలి కలిగిందేమో, అనునయంగానే అన్నాడు, "ఎందుకట్ల చూస్తావు? నీ పేరు పోతే ఇంట్లోనే పోతాది. నా పేరు పోతే ఊరంతా పోతాది." అంత సూటిగా, అంత మెల్లగా అన్నాడు. తిట్టినా బాగుండేది. నాకు పోగొట్టుకునేదానికి పేరే లేదని ఆయన నమ్మకం. ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని మా ఊళ్ళో అంటారు. మద్దెలకు నోరుంటే ఏమనేదో ఎవరూ అడగలేదు.

"ఇంక ల్యాబుకు రావద్దు" అన్నాడు. "ఇంకో గొట్టం ఉండాది కదా, అది పారెయ్యి." అత్త నవ్వు మొహంతో దువా చేసింది. "ఆ కంపు పోతే ఇంక కడుపన్నా పండుతాదిలే."

పారెయ్యలేదు. నల్లగుడ్డతోనే జొన్నల డబ్బాలో అడుగున పెట్టాను. కానీ ఆ తర్వాత నెలలు నన్ను ఎంత పీల్చేశాయో చెప్పలేను. ఆయన ఒక్కడే అంటే కోపంతో బతికేదాన్ని. బెంగుళూరులో అంత పెద్దాయన కూడా ఆ మాట నమ్మాడు. అంతమందికి తెలియనిది నాకు తెలుసునా? ఒకవేళ నిజంగానే చెయ్యి జారిందా? ఆ రోజు వేడి ఎక్కువైందా, కడిగిన నీళ్ళలో ఉప్పు మిగిలిందా? పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. పాలు పొంగిపోయినా పక్కనే నిలబడి చూస్తుండిపోయాను. "చదువుకున్నదానివి, పాలు కాయడం కూడా రాదు" అన్నాడు ఆయన. అవును, రాదేమో అనుకున్నాను. ఒకరు మన చేతిని తప్పుపడితే పోయేదేమీ లేదు. మన చేతిని మనమే అనుమానించడం మొదలుపెడితే ఇంక మిగిలేదేమీ ఉండదు. నేను ఆ రెండోదానికి చాలా దగ్గరగా పోయాను.

ఆ పరిస్థితిలో ప్రొఫెసర్ గారు మా ఊరికొచ్చారు. ఆయనది అనంతపురమే, పాతూరులో వాళ్ళ నాయనకు బట్టల అంగడి ఉండేది. చెల్లెలు నాగరత్నమ్మ ఇంట్లో శుభకార్యానికి వచ్చి, మా ఆయన పిలిస్తే మధ్యాహ్నం భోజనానికి ఒప్పుకున్నారు. కోమట్ల ఇంటి మనిషి, మాంసం ముట్టరు. ఆయనకు ఏ అనుమానమూ ఉండకూడదని మా ఆయన కొత్త కుండలు, అరిటాకులు తెచ్చాడు. బగారా అన్నం, గుత్తివంకాయ, పెరుగుపచ్చడి, ఓళిగలు చేశాను. హాలుకూ వంటింటికీ మధ్య పరదా వేశారు. పరాయి మగవాళ్ళు వచ్చినప్పుడు మా ఇంట్లో అది రివాజు. పరదా కింద నుంచి నేను గిన్నెలు జరిపితే మా ఆయన అందుకుని వడ్డించాడు. అత్త నా పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"వంట శానా బాగుండాదప్పా జిలాన్" అన్నారు ప్రొఫెసర్ గారు. "మీ ఆమెకు చెప్పు. పాపం, ఆ అయొడోఫాం సంగతికి ఆమె బాధ పడిందేమో. చెయ్యి ఎవరికైనా జారుతాది."

"ఆమెకేం బాధ సార్" అని నవ్వాడు మా ఆయన. "అయొడిన్ పక్కన కార్బన్ మాదిరి, నా పక్కన మరుగులో సల్లగా ఉండాది. బయటి బాధ ఏదీ తగలదు."

ఇద్దరూ నవ్వారు. నేను ఓళిగ మీద నెయ్యి వేస్తున్నాను. నాకు కోపం రాలేదంటే నమ్మరు. ఆ పోలిక తప్పు, అంతే అనిపించింది. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు తప్పు కనబడితే అనిపించినట్లు. అయొడిన్ పక్కవాడిని కాపాడదు. దాని లోపలి తిరుగుడు దానిదే, దాని చిక్కు దానిదే. పక్కన ఉన్న పాపానికి కార్బన్ మొన ఎక్కడికో జరుగుతుంది. ఎప్పుడూ చూసే చోట వెతికినవాళ్ళు అది లేనే లేదంటారు. ఉంది. చూడలేదు. అంతకాలంగా నన్ను తినేస్తున్న అనుమానం ఆ క్షణాన ఎట్లా పోయిందో నాకు తెలియదు కానీ, పోయింది. నా చెయ్యి జారలేదు.

"సార్" అన్నాను. పరదా అవతల నవ్వు ఆగింది. అత్త నా మోచెయ్యి పట్టుకుంది.

"సార్, బ్రోమిన్ మూడోది చేరినప్పుడు మొన కుడికి తిరిగింది కదా. అయొడిన్ తిరగదనుకుని ఎడమకే ఎందుకు చూసినారు?"

 ఆకు మీద ప్రొఫెసర్ గారి చెయ్యి ఆగిపోయి ఉంటుందని నేను ఊహించుకున్నాను. ఆయన, "బ్రోమిన్ తిరిగిందా? జిలాన్, అది నాకు కొలత పొరపాటు అని చెప్పినావే?" అన్నారు.

"పొరపాటు కాదు సార్. మళ్ళీ మళ్ళీ కొలిచినాను. కాగితాలు ఈ ఇంట్లోనే ఉండాయి."

"కుడిపక్క కొంచెమే చూసినాం తల్లీ" అన్నారాయన. గొంతు మారింది, అంతకుముందు పొగిడినప్పటి మెత్తదనం లేదు. పనిలో ఉన్న మనిషి గొంతు. "కాగితం మిగిలిస్తామని ఆపినాం. ఆ సరుకు ఇంకేమన్నా మిగిలిందా?"

"పారేసినాం సార్" అన్నాడు మా ఆయన.

"పారెయ్యలేదు సార్. ఇంకో గొట్టం ఉండాది. పసుపుగానే ఉండాది."

"మంచిది. ఈసారి జిలాన్ వచ్చేటప్పుడు అతనితో పంపు. పూర్తిగా కుడిదాకా చూద్దాం."

అదే అందరికీ బాగుండేది. ఆయన పరువు దక్కేది, నా మాట నెగ్గేది, పరదా ఎక్కడిది అక్కడే ఉండేది. కానీ ఆ గొట్టం ఆయన చేతిలో పెడితే బెంగుళూరు చేరేసరికి అది మళ్ళీ ఎవరిదవుతుందో నాకు తెలుసు.

"ఆయనతో పంపను సార్" అన్నాను. "నేనే తెస్తాను."

ప్రొఫెసర్ గారు వెళ్ళాక ఇంట్లో గాలి కూడా ఆడలేదు. మా ఆయన అరవలేదు. అరిచే మనిషి కాడు. కుర్చీలో కూర్చుని, "నా గురువు ముందర నన్ను అబద్ధాలకోరును చేసినావు" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకు నిజంగా బాధ కలిగింది. తప్పు ఆయనది, బాధ నాది. ఈ లెక్క నాకెప్పుడూ అంతుపట్టలేదు.

అప్పుడు అత్త లేచింది. నా మీదికే అనుకున్నాను. కొడుకు ఎదురుగా పోయి నిలబడింది. "ఆ గొట్టంలోది నా నీళ్ళతో కడిగిందేనా?"

"అవునమ్మా, అయితే ఏమి ఇప్పుడు?"

"దాన్నా పారెయ్యమన్నావు? ఎండలో లైన్లో నిలబడి తెచ్చిన నీళ్ళురా అవి. చూసి పారేసినావా, చూడకనే పారెయ్యమన్నావా?"

 అత్త నా వైపు తిరిగి, "నిన్ను ఒక్కదాన్నే పంపితే ఊరు నోరు మూసుకోదు. నేనూ వస్తా" అంది. అది ప్రేమని నేను పొరబడలేదు. ఆమె బాధ నీళ్ళ గురించి, ఊరి గురించి. అయినా అప్పుడు నా వైపు కదిలిన మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

బయలుదేరే రోజు మా ఆయన గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడ్డాడు. "పో. కానీ ఆడ ఏమీ కనబడకపోతే ఇంక నీ జన్మలో సీసా ముట్టనని మాటిచ్చి పో."

ఇచ్చాను. కనబడితే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

రైల్లో దారి పొడుగునా అత్త నీళ్ళ కూజా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నేను గొట్టం పెట్టుకుని కూర్చున్నాను. ఎండిన చేలు, రాళ్ళ గుట్టలు, తలవంచిన కానుగ చెట్లు వెనక్కి పోయాయి. ఇచ్చిన మాట గుర్తొచ్చినప్పుడల్లా గొట్టం మీది నల్లగుడ్డను ఇంకో చుట్టు బిగించేదాన్ని. కనబడకపోతే నేను ఆ ఇంట్లో ఎవరిని? రొట్టెలు కొట్టే చేతులు, కాపు కాయని కడుపు, అంతే కదా. నా బుద్ధి అంతా, నాయన కళాయి కొలిమి దగ్గర మొదలైన నా బతుకంతా ఆ వేలెడు గొట్టంలోకి కుదించుకుపోయినట్లుండింది. అత్త ఒకసారి కూజా మూత తీసి నాకు నీళ్ళిచ్చింది. నేను అడగలేదు.

యంత్రం ఉన్న గదిలో చల్లగా ఉంది. అయస్కాంతం మా ఇంటి బీరువా అంత ఉంది. నడిపే మనిషి నాగన్న, మడకశిర వైపు వాడు. అత్త బయట వరండాలో బల్ల మీద కూర్చుంది. బురఖా ముసుగు ఎత్తితే తప్ప కాగితం కనబడలేదు, ఎత్తేశాను. ప్రొఫెసర్ గారు నా పక్కన నిలబడ్డారు. కలం ఎడమ నుంచి కదిలింది. సన్నటి గీతలు, గడ్డి పరకల్లా. సున్నా దాటింది. ఒక్క అయొడిన్ ఉన్నదాని చోటు దాటింది. ఏమీ లేదు. ఇంకా పోయింది. ఏమీ లేదు. నాగన్న కాగితం చుట్ట వంక చూశాడు, ప్రొఫెసర్ గారి వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు.

"ఇంకా పోనియ్యాల్నా అమ్మా?"

 "పోనియ్యన్నా" అన్నాను.

ఎంతసేపో చెప్పలేను. నేను కాగితం చూడటం మానేసి కలం కొసనే చూస్తున్నాను. సున్నాకు కుడిపక్క స్కేలు మీద నూట నలభై దగ్గర, ఎవరూ ఎప్పుడూ చూడని తెల్లటి చోట, అది ఒక్కసారిగా నిక్కబొడుచుకుని లేచి, మళ్ళీ దిగింది. నాగన్న యంత్రం ఆపి కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ నడిపాడు. మళ్ళీ అదే చోట లేచింది. నాకు ఏడుపు రాలేదు. ఆకలైంది. చాలా రోజుల తర్వాత ఆకలైంది.

ప్రొఫెసర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కాగితం చించి వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. "మూడు అయొడిన్లు చేరితే ఇంత దూరమా!" అని తనలో తాను అనుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి ఎంతో ఆప్యాయంగా అన్నారు. "జిలాన్ అదృష్టవంతుడు తల్లీ. నాలుగు అయొడిన్లది కూడా ఒకటి చేసిపెట్టు, అతని థీసిస్ పూర్తయిపోతుంది."

ఆయన నిజంగానే మెచ్చుకున్నారు. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. తలుపు సందులో నుంచి అత్త ఒళ్ళో కూజాతో కునికిపాట్లు పడటం కనిపిస్తోంది. నేను ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, మడత పడకుండా చుట్టి, నా దగ్గరే పెట్టుకున్నాను.

"నాలుగోది చేస్తాను సార్. ఈడ చదువుకునే ఆడోళ్ళకు హాస్టలు ఉండాదా?"